షట్టర్లు మారిస్తే సరిపోయే కిచెన్‌కి మూడు లక్షల అప్పా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో మాకు సొంత ఫ్లాట్ ఉంది. కిచెన్ కబోర్డులు చేయించి పన్నెండేళ్లయింది. సన్‌మైకా లేస్తోంది, సింకు కింద తలుపు సరిగా పడటం లేదు. అంతా తీసేసి కొత్తగా చేయడానికి 3,20,000, జీఎస్టీ అదనం అన్నారు. వడ్రంగి మాత్రం షట్టర్లు, అంటే కబోర్డు తలుపులు మార్చి, అవసరమైతే సింకు బాక్సు కొత్తది పెడతాననీ, మొత్తం 95,000 అవుతుందనీ అంటున్నాడు. నా జీతం 85,000. ఇంటి లోను ఈఎంఐతో కలిపి ఖర్చు 65,000. ఎఫ్‌డీ 4 లక్షలుంది. 14 శాతానికి 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దండి. 18 శాతం జీఎస్టీ కలిస్తే బిల్లు 3,77,600. మూడేళ్లకు 3 లక్షల లోన్ తీసుకుంటే ఈఎంఐ 10,253, వడ్డీయే 69,000 దాటుతుంది. మీకు నెలకు మిగిలే 20,000లో సగం అటే పోతుంది. మిగతా 77,600 ఎఫ్‌డీలోంచే తీయాలి. ఆ 4 లక్షలు మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు, కిచెన్ కోసం దాన్ని కదపకండి. పాత గ్రానైట్ తీసేటప్పుడు పగిలితే అయ్యే ఖర్చు, టైల్స్, ప్లంబింగ్ కొటేషన్‌లో ఉన్నాయో లేదో కూడా చూడండి.

అసలు తేల్చుకోవాల్సింది షట్టర్లు బిగించే లోపలి బాక్సుల సంగతి. ఒక్కో బాక్సులో హింజి స్క్రూ ఒకటి విప్పి మళ్లీ బిగించండి. పట్టు దొరికితే బాక్సు బాగున్నట్టే. ఊరికే తిరుగుతుంటే లోపల బోర్డు పొడైపోయింది, దానికి ఎంత మంచి షట్టర్ బిగించినా నిలవదు. సింకు కింది బోర్డును స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి, దిగిపోతే ఆ బాక్సు మార్చాల్సిందే. చాలా ఇళ్లలో పాడయ్యేది ఆ ఒక్కటే. ముందు పైపు లీకు ఆపించి, తర్వాత నీళ్లకు తట్టుకునే, ఐఎస్ 710 ముద్ర ఉన్న 18 ఎంఎం ప్లైతో కొత్త బాక్సు చేయించండి.

షట్టర్ల కొలత మీరే వేసుకోండి. కింద 16 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల ఎత్తు అయితే 40 చదరపు అడుగులు. పైన 12 అడుగులకు రెండడుగుల ఎత్తు, 24. మొత్తం 64. ఎనిమిది బై నాలుగు అడుగుల ప్లై షీటు 32 చదరపు అడుగులు కాబట్టి లెక్కకు రెండే, కానీ కోతలో పోయేది ఉంటుంది, మూడు పడతాయి. అయిదు చెబితే ఎందుకని అడగండి.

ఇక్కడ మోసం జరిగేది షట్టర్ లోపలి వైపు. బయట సన్‌మైకా అంటించి, లోపల రంగు వేసి వదిలేస్తారు. ఒక వైపే తేమ పీల్చుకుని కొన్ని నెలల్లో షట్టర్ వంగుతుంది. రెండు వైపులా సన్‌మైకా, నాలుగు అంచులకూ బ్యాండింగ్ (అంచును మూసే పట్టీ), షట్టర్‌కు రెండు హింజిలు, పొడవాటి వాటికి మూడు అని కొటేషన్‌లో రాయించుకోండి. అడ్వాన్సు 30 శాతం, బిగించాక 60. మిగతా 10 శాతం రెండు వారాలు ఆపండి. వాడుతుంటే తలుపులు కాస్త జారతాయి, హింజిలు మళ్లీ సరిచేయడానికి అతను రావాలిగా.

డబ్బుకు ఈ నెల నుంచే నెలకు 15,000 చొప్పున ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కట్టండి. ఆరు నెలలకు 90,000, మిగతా అయిదు వేలు ఆ నెల జీతంలోంచి సర్దుకోవచ్చు.

స్క్రూ పరీక్షలో కింది బాక్సులు సగానికి పైగా పోయాయని తేలితే ఈ 95,000 కూడా దండగే. అప్పుడు కింది వరస మాత్రమే కొత్తగా కట్టించేలా వేరే కొటేషన్ తీసుకోండి, ఆర్‌డీని ఇంకొన్నాళ్లు పొడిగించండి. పై వరసకు నీళ్లు తగలవు, అవి ఇంకా చాలాకాలం వస్తాయి.