తాతగారి పాత రైఫిల్‌కి తూటాలు వెతికే ముందు బ్యారెల్ కొలిపించండి

మీరు అడిగినవి మూడు: వారసత్వంగా వచ్చిన వేట రైఫిల్‌కి తూటాలు ఎక్కడా దొరకడం లేదు, బ్యారెల్ మీద 8 ఎంఎం అని ఉంది కాబట్టి ఇప్పుడు అమ్మే 8 ఎంఎం తూటా పెట్టొచ్చా, కుదరకపోతే సొంతంగా తయారు చేసుకోవచ్చా. రెండోదానికి ముందు జవాబు చెప్తాను, ప్రాణం మీదికి వచ్చేది అదే కాబట్టి. పెట్టొద్దు. కొలతలు చేతికి వచ్చేదాకా అందులో ఏ తూటా పెట్టొద్దు.

నాకు మా తాతగారి నుంచి వచ్చిన రైఫిల్ మీద కూడా 8 ఎంఎం అని తప్ప ఇంకేమీ లేదు. 8×57 (బుల్లెట్ సుమారు 8 ఎంఎం, గొట్టం పొడవు 57 ఎంఎం) తూటాలో రెండు రకాలున్నాయి. తూటా అంటే మొత్తం, బుల్లెట్ అంటే దాని ముందు నుంచి ఎగిరిపోయే ముక్క మాత్రమే. 1888లో జర్మన్ సైన్యం తెచ్చిన మొదటి రకం బుల్లెట్ వ్యాసం సుమారు 8.08 మిల్లీమీటర్లు, 1905లో వచ్చిన ఎస్ రకం బుల్లెట్‌ది 8.20. తేడా మిల్లీమీటరులో ఎనిమిదో వంతు కూడా ఉండదు. అయితే తూటా గొట్టం (మందు ఉండే ఇత్తడి తొడుగు) మాత్రం రెండింటిదీ దాదాపు ఒకటే, అందుకే కొత్త రకం తూటా పాత చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) చాలాసార్లు హాయిగా వెళ్లిపోతుంది, దాన్ని వెనక నుంచి మూసే బోల్టు మూసుకుంటుంది, అంతా సరిపోయినట్టే అనిపిస్తుంది. పేల్చినప్పుడు మాత్రం లావు బుల్లెట్ సన్నటి బ్యారెల్‌లో ఇరుక్కుంటూ వెళ్లాలి, లోపల ఒత్తిడి ఎక్కడికో పోతుంది, ఆ బోల్టు వెనకాల ఉండేది మీ ముఖం. పైగా 1905 తర్వాత కూడా చాలా ఏళ్లు వేట రైఫిళ్లను పాత కొలతతోనే చేశారు, కాబట్టి తయారైన సంవత్సరం తెలిసినా ఏ రకమో తేలదు.

పేర్లను నమ్ముకుంటే మోసపోతాం. .303 బ్రిటిష్ బుల్లెట్ అసలు వ్యాసం .311 అంగుళాల దగ్గర ఉంటుంది, .318 వెస్ట్లీ రిచర్డ్స్‌ది .330. దీనికి విరుద్ధంగా, .275 రిగ్బీ అని రాసి ఉన్న రైఫిల్‌కి తూటాలు లేవని వెతుకుతూ కూర్చునేవాళ్లున్నారు, అది మామూలు 7×57 తూటాయే, ఆ పేరుతో అడిగితే దొరుకుతుంది. ఇంకో సంగతి, మధ్యలో ఎవరో చాంబర్‌ని వేరే తూటాకి కోయించి, బ్యారెల్ మీద పాత ముద్ర అలాగే వదిలేసి ఉండొచ్చు.

కొలిపించడం పెద్ద ఖర్చేమీ కాదు, పాత తుపాకులు తెలిసిన గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి. మెత్తటి సీసం ముక్కని బ్యారెల్‌లోంచి తోసి, దాని మీద పడిన బ్యారెల్ లోపలి గాడుల అచ్చుని మైక్రోమీటర్‌తో కొలుస్తారు, బుల్లెట్ వ్యాసం అలా తేలుతుంది. చాంబర్‌కి బిస్మత్ కలిసిన ఒక మిశ్రమ లోహం వాడతారు, అది మరిగే నీళ్ల కంటే తక్కువ వేడికే కరుగుతుంది. దాన్ని చాంబర్‌లో పోస్తే గట్టిపడ్డాక ముందు కాస్త కుంచించుకుంటుంది, తర్వాత నెమ్మదిగా వ్యాకోచిస్తుంది, పోసిన గంటకి సరిగ్గా చాంబర్ సైజులో ఉంటుంది, కొలతలు అప్పుడే తీసుకోవాలి. నాది తీసినప్పుడు ఆ వెండిరంగు ముక్క మీద గొట్టం మెడ (బుల్లెట్‌ని పట్టుకునే సన్నటి భాగం) ఎక్కడ ఆగిందో, గాడులు ఎక్కడ మొదలయ్యాయో గీత గీసినట్టు కనిపించింది, చాంబర్ కోసిన పనిముట్టు గీరలు కూడా పడ్డాయి. ఆ ముక్కని పారేయకండి, తర్వాత డైలు (గొట్టాలని సైజుకి మలిచే అచ్చులు) చేయించాలంటే పనికొస్తుంది.

అక్కడే హెడ్‌స్పేస్ (బోల్టు ముఖం నుంచి, తూటాని ముందుకి కదలకుండా ఆపే చోటు దాకా ఉండే దూరం) చూడమనండి, ప్రూఫ్ ముద్రలు (తుపాకిని పరీక్షించినట్టు వేసే గుర్తులు) చదివించండి. బాగా పాత తుపాకులు కొన్ని నల్ల తుపాకి మందుకి మాత్రమే పరీక్షించినవి, పొగరాని మందు వాటిలో వాడకూడదు. బ్రిటిష్ తుపాకి అయితే నైట్రో ప్రూఫ్, అంటే పొగరాని మందుకి పరీక్షించారన్న ముద్ర కోసం చూస్తారు.

తుపాకితో పాటు బీరువాలో పాత తూటాల డబ్బా కూడా దొరికి ఉంటే పేల్చకండి. అవి ఆ తుపాకివే అన్న గ్యారంటీ లేదు. పాత ప్రైమర్లలో (తూటా అడుగున ఉండి మందుని అంటించే చిన్న మూతలు) పొటాషియం క్లోరేట్ ఉండేది, పేలాక అది బ్యారెల్‌లో ఉప్పుగా మిగిలి తేమ లాగుతుంది, రాత్రికి రాత్రే తుప్పు మొదలవ్వొచ్చు. ఆ ఉప్పు నూనెకి పోదు, నీళ్లతో కడిగి ఆరబెట్టాకే నూనె రాయాలి. పాదరసం కలిసిన ప్రైమర్లయితే ఇత్తడినే పెళుసు చేస్తాయి, ఆ గొట్టాలు మళ్లీ నింపడానికి పనికిరావు.

ఇక తయారీ. ముందు చట్టం చూడండి, ఎందుకంటే కొన్ని దేశాల్లో తూటాలు నింపుకోవడం మామూలు హాబీ, కొన్నిచోట్ల దానికి విడిగా లైసెన్సు కావాలి, కొన్నిచోట్ల పూర్తిగా నిషేధం. రైఫిల్ మీ పేరు మీదికి మారకుండా వీటిలో దేనికీ వెళ్లొద్దు. అనుమతి ఉన్నా, ముందు రెడీమేడ్ తూటాల కోసం గట్టిగా వెతకండి. చిన్న తయారీదారులు పాత రకాలను ఎప్పుడో ఒకసారి కొద్దిగా చేస్తారు, అవి కనిపించినప్పుడే నాలుగేళ్లకి సరిపడా ఒకే లాట్‌లో తీసుకోవడం మంచిది.

నా విషయంలో గొట్టాలు దొరకడం కష్టం కాలేదు, 8×57 ఇత్తడి ఇప్పటికీ వస్తోంది. కష్టమల్లా 8.08 బుల్లెట్‌తోనే. గొట్టాలు దొరకని తూటా అయితే దగ్గరి వంశంలోని పొడవైన గొట్టాన్ని కత్తిరించి మలుచుకుంటారు, .30-06 గొట్టం నుంచి 8×57 చేసినట్టు. ఇక్కడ చాలామంది పట్టించుకోని ప్రమాదం ఒకటుంది. గొట్టం నడుము భాగం మందంగా ఉంటుంది, కత్తిరించాక మెడగా మారేది అదే. ఆ మెడని పలచన చేయకపోతే పేలినప్పుడు బుల్లెట్‌ని వదలడానికి చోటు ఉండదు, ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. మెడని వేడి చేసి మెత్తబరచకపోతే చీలుతుంది.

మందు ఎంత వేయాలో ఎవరు చెప్పినా, నేను చెప్పినా సరే, వినొద్దు. అచ్చైన రీలోడింగ్ (తూటాలు నింపుకునే) మాన్యువల్లో మీ తూటాకి, మీ బుల్లెట్ బరువుకి, అదే పేరున్న మందుకి ఇచ్చిన అంకెలే వాడండి, కనీస మోతాదుతో మొదలుపెట్టండి, దానికంటే తగ్గించడం కూడా ప్రమాదమే. ముందు తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోండి. బుల్లెట్ బరువు విషయంలో, నా రైఫిల్ చాంబర్ ముందు భాగం ఆ కాలపు 14.7 గ్రాముల గుండ్రటి ముక్కు బుల్లెట్‌కి కోసింది, తేలికపాటివి వేస్తే గురి చెదిరిపోతోంది, బరువైనవి వేస్తే చక్కగా కుదురుతోంది.

మొదటి తూటాలు భుజానికి ఆనించి పేల్చకండి. తుపాకిని బరువైన స్టాండ్‌కి బిగించి, అడ్డు వెనక నుంచి తాడుతో ట్రిగ్గర్ లాగించండి, గన్‌స్మిత్ పక్కన ఉండగానే. ఖాళీ గొట్టం తీసి అడుగు చూడండి: ప్రైమర్ పూర్తిగా చదునైపోయినా, దాని చుట్టూ మసి కనిపించినా ఆపేయండి. అడుగుకి కాస్త పైన మెరిసే ఉంగరంలాంటి గీత ఉంటే గొట్టం అక్కడ తెగబోతోందని అర్థం, చాలాసార్లు హెడ్‌స్పేస్ ఎక్కువైతే అలా అవుతుంది.

కొలతలు వచ్చాక బుల్లెట్ వ్యాసం, గొట్టం పొడవు, బ్యారెల్ అడుగున ఉన్న ముద్రల ఫొటో ఇక్కడ పెట్టండి. అది ఏ తూటాయో పోల్చి చూడటానికి నాకు చేతనైనంత సాయం చేస్తాను.