ఒక్కసారే అడుగుతారు

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మడికి,

అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

వీసా వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఒక సెమిస్టరు జర్మనీలో చదివి వస్తావన్నమాట. చాలా సంతోషం. మీ నాన్న గొంతులో మాత్రం సంతోషం కన్నా కంగారే ఎక్కువ వినిపించింది. స్వెట్టర్లు ఎన్ని కొనాలి, బియ్యం ఎన్ని కిలోలు పెట్టాలి అని అరగంట అడిగాడు. 1994లో నేను పది నెలలు అక్కడ ఉన్నాను. తర్వాత మా కాలేజీ నుంచి వెళ్లే పిల్లల కాగితాలు చాలా ఏళ్లు చూశాను. చలికి ఓడిపోయి వచ్చినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. మొహమాటంతో చిక్కుల్లో పడ్డవాళ్లు మాత్రం ఏటా ఉండేవారు. వాళ్లందరిలో మొదటిదాన్ని నేనే.

వెళ్లిన రెండో వారం మా ప్రొఫెసరుగారు ఇంటికి పిలిచారు. పెద్దవాళ్లింటికి వెళ్తున్నాం కదా, భోజనం పెడతారని మధ్యాహ్నం ఏమీ తినకుండా వెళ్లాను. ఆయన భార్య పళ్ల ముక్కలు పరిచి కాల్చిన కేకు తెచ్చి, తింటావా అని అడిగారు. మన అలవాటు కొద్దీ "వద్దండి" అన్నాను. మన ఇళ్లలో ఆ మాటకు అర్థం ఇంకోసారి అడగమని. ఆవిడ సరేనని పళ్లెం పక్కకు జరిపి మిగతావాళ్లకు పెట్టారు. రెండు గంటలు ఆ కేకు వైపు చూస్తూ వాతావరణం గురించి మాట్లాడాను. ఆవిడ తప్పేమీ లేదు. వద్దన్న మనిషిని బలవంతపెట్టకపోవడమే వాళ్ల మర్యాద. అక్కడ ఏదైనా ఒక్కసారే అడుగుతారు. కావాలంటే ఆ ఒక్కసారే చెప్పాలి. ప్రొఫెసరు చెప్పింది అర్థం కాకపోతే అర్థం కాలేదనే చెప్పు. ఊరికే తల ఊపకు. మనం అడ్డంగా, వంకరగా ఊపే తీరు అవునో కాదో వాళ్లకు తెలియదు.

ఇదే మొహమాటం కాగితాల దగ్గర చాలా ఖరీదు చేస్తుంది. అక్కడ నువ్వు చదివే సబ్జెక్టులకు ఇక్కడ ఏ సబ్జెక్టుల కింద క్రెడిట్లు ఇస్తారో రాసే ఒప్పందం ఒకటుంటుంది, లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. దాని మీద నీది, మీ కాలేజీది, అక్కడి విశ్వవిద్యాలయానిది మూడు సంతకాలూ పడ్డాకే విమానం ఎక్కు. సెమిస్టరుకు 30 క్రెడిట్లంటే పూర్తి బరువు. కొత్త ఊళ్లో, కొత్త పద్ధతిలో చదవబోతున్నావు. మీ కాలేజీ ఒప్పుకుంటే అంతకన్నా కొంచెం తక్కువే పెట్టుకో. తీరా వెళ్లాక, ఫలానా సబ్జెక్టు ఈసారి లేదంటారు, లేదా రెండు క్లాసులు ఒకే గంటలో పడతాయి. మార్చుకోవచ్చు. కానీ ఆ మార్పును అదే రోజు ఇక్కడికి ఈమెయిల్ రాసి, సరేనని జవాబు తెప్పించుకో. ఫోన్లో సారు సరేనన్నారంటే చెల్లదు. నువ్వు తిరిగొచ్చేసరికి ఆ సారు బదిలీ అయిపోయి ఉంటారు.

క్లాసుకు వెళ్లినంత మాత్రాన పరీక్ష రాయనివ్వరని కూడా గుర్తుంచుకో. పరీక్షకు విడిగా పేరు నమోదు చేసుకోవాలి, దానికో గడువుంటుంది. మన దగ్గరలా అపరాధ రుసుము కట్టి గట్టెక్కవచ్చని అనుకోకు. గడువు తేదీ మొదటి వారంలోనే కనుక్కుని గోడ మీద రాసిపెట్టుకో.

గ్రేడ్లు మనకు తిరగేసి ఉంటాయి. 1.0 అన్నిటికన్నా గొప్పది, 4.0 వస్తే గట్టెక్కినట్టు, 5.0 అంటే తప్పినట్టు. నా దగ్గర చదివిన అబ్బాయి ఒకడు 1.3 తెచ్చుకుని వస్తే, ఒక ఆఫీసులో గుమాస్తా ఆ కాగితం చూసి "పదికి ఒకటిన్నర కూడా రాలేదా బాబూ" అని జాలిపడ్డాడట. వీడు మొహమాటపడి, అది కాదండీ అని చెప్పకుండా, ఇంటికి వెళ్లి పది రోజులు ముభావంగా కూర్చున్నాడు. అందుకని ట్రాన్‌స్క్రిప్టుతో, అంటే వాళ్లిచ్చే మార్కుల పత్రంతో పాటు వాళ్ల గ్రేడ్ల పద్ధతి వివరించే పేజీ కూడా అడిగి తెచ్చుకో.

నీ పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, విడిగా ఉందా? మన మార్కుల జాబితాల్లో అది ఒక్క పొడి అక్షరంగానే మిగిలిపోతుంది. అక్కడ మాత్రం మనిషంటే ఇంటిపేరే. చాలా అపార్ట్‌మెంట్లలో తలుపులకు నంబర్లుండవు. పోస్టుమాన్ కింద వరసగా ఉన్న పెట్టెల మీద ఇంటిపేరు చూసి ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. నాకు రావలసిన బ్యాంకు ఉత్తరం అలాగే రెండుసార్లు వెనక్కి పోయింది. ఆ పెట్టె మీద నా పేరు నేనే అంటించుకోవచ్చని నాకు తెలియదు, ఎవరినైనా అడగడానికి నోరు పెగల్లేదు. చివరికి కింద వాటాలోని ముసలావిడ ఒక చీటీ, జిగురు సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. వంకరటింకరగా రాసిన మన ఇంటిపేరు నేను వచ్చేసే దాకా ఆ పెట్టె మీదే ఉంది.

దిగిన రెండు వారాల లోపు అక్కడి పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి. అందుకు ఇల్లు ఇచ్చినవారు సంతకం చేసిన కాగితం అడుగుతారు. పెద్ద ఊళ్లలో అక్కడ సమయం దొరకడమే కష్టం, కాబట్టి ఇక్కణ్నుంచే ఇంటర్నెట్లో తీసుకునేందుకు ప్రయత్నించు. నమోదయ్యాక కొన్నాళ్లకు రేడియో, టీవీ రుసుము కట్టమని ఉత్తరం వస్తుంది. నాకు టీవీయే లేదు కదా అని చింపి పారేయకు. నెలకు 18.36 యూరోలు, ఇంటికి ఒక్కటే. ఫ్లాట్‌లో నలుగురుంటే నలుగురూ పంచుకోవచ్చు. పంచుకుందామని మిగతా ముగ్గురినీ అడగాల్సింది నువ్వే.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. స్కాలర్‌షిప్ మొదటి వాయిదా వెళ్లగానే చేతికి వస్తుందని లెక్క వేసుకోకు. గది అడ్వాన్సుకూ, రెండు నెలల ఖర్చుకూ సరిపడా దగ్గర ఉంచుకో.

ఇక పెట్టె. మీ అమ్మ మందస కోవా తెప్పిస్తోందని విన్నాను. మనం బయటి నుంచి తీసుకెళ్లే పాల పదార్థాలు, మాంసం ఐరోపా దేశాల్లోకి రానివ్వరు. నెయ్యి కూడా అంతే. అంతకన్నా ముఖ్యమైనది, మీ అమ్మ మసాలా పొడిలో గసగసాలు వేస్తుంది. నీ టికెట్టు దుబాయ్ మీదుగా ఉంది. మనకు అవి వంట దినుసు, ఆ దేశపు చట్టంలో మత్తుపదార్థాల లెక్క. చారెడు దొరికినా జైలు దాకా పోవచ్చు. చిత్రమేమిటంటే, జర్మనీలో అవే గసగసాలు దట్టంగా కూరి కేకులు చేసి అమ్ముతారు. ఆవకాయ, కందిపొడి నిరభ్యంతరంగా తీసుకెళ్లు, కానీ చేతి సంచిలో పెట్టకు. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. అక్కడి కరెంటు మనలాగే 230 వోల్టులు. మన మూడు పిన్నుల ప్లగ్గు వాళ్ల గోడకు పట్టదు, ఒక అడాప్టరు కొనుక్కో. కోటూ బూట్లూ అక్కడే కొను. ఇక్కడ దొరికేవి అరకు చలికి సరిపోతాయి, అంతే. ఇవ్వడానికి పొందూరు ఖాదీ తువ్వాళ్లు నాలుగు పెట్టుకో, బరువుండవు. వాలుగ చేప దవడతో దూది శుభ్రం చేస్తారని చెబితే వాళ్లు నిన్ను గంటసేపు కదలనివ్వరు.

హాస్టల్ వంటగదిలో పోపు వేసేటప్పుడు కిటికీ తెరిచి, నడవా వైపు తలుపు మూసెయ్యి. మన ఎండుమిర్చి ఘాటు నడవాలోకి పోయిందంటే పొగ గంట మోగుతుంది, భవనమంతా ఖాళీ చేస్తారు, అగ్నిమాపక బండి వస్తుంది. ఆ ఖర్చు నీ నెత్తిన పడినా పడవచ్చు.

డిసెంబరులో సాయంత్రం నాలుగు దాటితే చీకటే. అరసవల్లి స్వామి ఉన్న జిల్లా నుంచి వెళ్తున్నావు కదా, మొదట అదే కుంగదీస్తుంది. పగలు క్లాసు లేని గంటలో గదిలో కూర్చోకుండా బయట నడువు. నిద్ర పట్టకపోయినా, ఏడుపొస్తున్నా విశ్వవిద్యాలయంలో సలహాదారులు ఉంటారు, వెళ్లి మాట్లాడు. ప్రాణం మీదికి వస్తే 112కు ఫోన్ చెయ్యి. అక్టోబరు చివరి ఆదివారం వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచి మనకూ వాళ్లకూ తేడా నాలుగున్నర గంటలు. నీకు సాయంత్రం ఐదైతే మీ అమ్మకు రాత్రి తొమ్మిదిన్నర, ఫోన్ కోసం కాచుకుని ఉంటుంది. "బాగానే ఉన్నాను" అని పెట్టేయకు. అదీ మొహమాటమే. అమ్మకు చెప్పలేనిది ఉంటే నాకు చెప్పు, ఏ రాత్రయినా ఎత్తుతాను.

ఆదివారం నరసన్నపేట వస్తున్నాను, పెట్టె తూచడానికి మా త్రాసు తెస్తాను. ఈలోగా ఆ మసాలా పొడి డబ్బా మీ అమ్మ కంటపడకుండా తీసి పక్కన పెట్టు. కోవా అందరం కలిసి ఆ రోజే తినేద్దాం.

మీ అత్తయ్య