ఆటోగైడర్ క్యాలిబ్రేషన్ విఫలమైతే మౌంట్ మార్చవలసిందేనా?

ఆర్‌ఏ (తూర్పు-పడమర అక్షం) క్యాలిబ్రేషన్ విఫలమైందనీ, నక్షత్రం తగినంతగా కదలలేదనీ గైడింగ్ సాఫ్ట్‌వేర్ పీహెచ్‌డీ2 ప్రతి రాత్రీ చెబుతోందనీ, ఇక మౌంట్ (టెలిస్కోపును మోసి తిప్పే యంత్రం) మార్చేయడమే మార్గమా అనీ అడిగారు. మార్చవద్దు. ఈ సందేశానికి మౌంట్ కారణం కావడం నేను చూసినంతలో చాలా అరుదు. ఆటోగైడర్ అంటే ఫోటో తీసేటప్పుడు ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్‌ను సరిదిద్దే ఏర్పాటు; ఒక్కో పల్స్‌కు, అంటే చిన్న కదలిక ఆదేశానికి, నక్షత్రం ఎంత జరుగుతుందో అది ముందుగా కొలుచుకోవడమే క్యాలిబ్రేషన్. టెలిస్కోపును ఆకాశంలో ఎటు తిప్పి క్యాలిబ్రేట్ చేస్తున్నారు, ఒక్కో పల్స్‌కు నక్షత్రం ఎన్ని పిక్సెళ్లు జరుగుతోంది అన్న రెండు విషయాలు ముందుగా తేల్చుకోవాలి.

వికారాబాద్ దాటాక ఒక పొలంలో, జనవరి చివర, మా బృందంలోని ఒక తమ్ముడికి సరిగ్గా ఇదే సందేశం వచ్చింది. అతడు ఎం81 గెలాక్సీని ఫోటో తీయాలనుకున్నాడు కాబట్టి, ఈశాన్యంలో ఇంకా పాతిక డిగ్రీల ఎత్తుకైనా రాని ఆ గెలాక్సీ మీదనే క్యాలిబ్రేషన్ మొదలుపెట్టాడు. పల్స్ మీద పల్స్ వెళుతున్నా తెర మీద నక్షత్రం ఉన్నచోటనే వణుకుతోంది. చుట్టూ చేరినవారిలో ఒకరు కేబుల్ మార్చమన్నారు, ఒకరు సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేయమన్నారు, మరొకరు లక్షన్నర పెట్టి వేరే మౌంట్ కొనమన్నారు. "అన్నా, ఈఎంఐ మీద తీసుకోనా?" అని అతడు నిజంగానే అడిగాడు. కొనమని చెప్పేవారికి ఈఎంఐ కట్టే బాధ ఉండదు కదా!

లెక్క వేసి చూద్దాం అన్నాను. గైడ్ స్కోపు (నక్షత్రాన్ని గమనించే చిన్న టెలిస్కోపు) ఫోకల్ లెంగ్త్ 120 మిల్లీమీటర్లు, గైడ్ కెమెరా పిక్సెల్ 3.75 మైక్రాన్లు; 206ను పిక్సెల్ పరిమాణంతో హెచ్చించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కు సుమారు 6.4 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను డిగ్రీలో 3,600వ వంతు) వస్తాయి. అతడు ఎస్‌టీ-4 కేబుల్ (గైడ్ ఆదేశాలను మౌంట్‌కు చేర్చే తీగ) వాడుతున్నాడు. హ్యాండ్ కంట్రోలర్‌లో గైడ్ వేగం 0.125 దగ్గర ఉంది, పాత యజమాని ఎందుకు అలా పెట్టాడో మాకు అర్థం కాలేదు. నక్షత్రవేగం, అంటే ఆకాశం తిరిగినట్టు కనిపించే వేగం, సెకనుకు 15 ఆర్క్ సెకన్లు కాబట్టి, అందులో ఎనిమిదో వంతు వేగంతో అర సెకను పల్స్ ఇస్తే ఆర్‌ఏ జరిగేది ఒక ఆర్క్ సెకను కూడా ఉండదు. పైగా ఎం81 క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి దూరం) 69 డిగ్రీలు. అక్కడ ఆర్‌ఏ కదలిక దాని కొసైన్ మేరకు, అంటే దాదాపు మూడో వంతుకు కుదించుకుపోతుంది. అరవై పల్స్‌లు ఇచ్చినా నక్షత్రం జరిగేది సుమారు మూడు పిక్సెళ్లే, సాఫ్ట్‌వేర్‌కు కావలసింది పాతిక. ఇందులో మౌంట్ చేసిన నేరమేమిటి?

గైడ్ వేగాన్ని 0.5కు పెంచి, పల్స్‌ను 1,800 మిల్లీసెకన్లు చేసి, ఓరియన్ నడుములోని మింటకా వైపు తిప్పాము. ఆ చుక్క ఖగోళ మధ్యరేఖను దాదాపు ఆనుకునే ఉంటుంది, అప్పటికి మెరిడియన్‌కు (నడినెత్తి మీదుగా పోయే ఉత్తర-దక్షిణ రేఖకు) చేరువలో కూడా ఉంది. పన్నెండు పల్స్‌లకు ఆర్‌ఏ పూర్తయింది. ఆ తరువాత డెక్ (ఉత్తర-దక్షిణ అక్షం) దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే ఆ మౌంట్ గేర్లలో బ్యాక్‌లాష్ ఎక్కువ; బావిలో చేదతాడు వదులంతా లాగేదాకా బకెట్టు కదలనట్టు, గేరు పళ్ల మధ్య సందు నిండేదాకా నక్షత్రం కదలదు. క్యాలిబ్రేషన్‌కు ముందు హ్యాండ్ కంట్రోలర్‌తో ఉత్తరం వైపు, నక్షత్రం కదలడం కంటికి కనిపించేదాకా, గైడ్ వేగంతోనే నెట్టి వదిలితే ఈ చిక్కు తీరుతుంది. మేమూ అదే చేశాము. అప్పటికీ డెక్ అటూ ఇటూ ఊగుతుంటే ఒక దిశలోనే గైడ్ చేయమని సెట్ చేసుకోవచ్చు. వర్మ్ గేరు మరలను మాత్రం చీకట్లో ముట్టుకోవద్దు; సందు పోవాలని బిగించేస్తే చలికి గేరు పట్టేసి ఆర్‌ఏ కూడా పాడవుతుంది.

మన దగ్గర ఇంకొక ఇబ్బంది ఉంది, వీడియోలలో దాని ఊసే ఉండదు. అవి తీసేవారిలో చాలామంది ధ్రువ నక్షత్రం 40, 50 డిగ్రీల ఎత్తున కనిపించే ఊళ్లవారు. హైదరాబాద్ పరిసరాల్లో అది 17 డిగ్రీల ఎత్తున, దుమ్ములోనో, పక్కింటి వాటర్ ట్యాంకు వెనకో ఉంటుంది. అంత తక్కువ అక్షాంశానికి వంచితే కొన్ని మౌంట్ల కౌంటర్‌వెయిట్ (టెలిస్కోపుకు సరితూగే ఎదురు బరువు) ట్రైపాడ్ కాలికి తగులుతుంది, అప్పుడు కూడా ఆర్‌ఏ ఆగిపోయి ఇదే సందేశం వస్తుంది. ట్రైపాడ్‌ను తిప్పి, కాలు ఉత్తరానికి కాక దక్షిణానికి వచ్చేలా పెట్టి చూడండి. మౌంట్ తల అమరిక దానికి ఒప్పుకోకపోతే మధ్యలో ఎక్స్‌టెన్షన్ పియర్ (ఎత్తు పెంచే గొట్టం) వేయవలసి ఉంటుంది.

ఇవన్నీ సరిచూశాక కూడా నక్షత్రం అసలే కదలకపోతే, సాఫ్ట్‌వేర్ పట్టుకున్నది నక్షత్రం కాక హాట్ పిక్సెల్ (ఎప్పుడూ వెలుగుతున్నట్టు కనిపించే లోపపు పిక్సెల్) అయి ఉండవచ్చు. డార్క్ లైబ్రరీ (లెన్స్ మూసి తీసిన చీకటి ఫ్రేములు) తయారుచేసి మళ్లీ ప్రయత్నించండి. ఎస్‌టీ-4 తీసేసి ఆస్కామ్ పల్స్ గైడింగ్‌కు (కంప్యూటర్ డ్రైవర్ ద్వారా మౌంట్‌కు ఆదేశాలివ్వడానికి) మారి, మంచి క్యాలిబ్రేషన్ ఒకటి చేసుకుంటే, టెలిస్కోపు ఎటు చూస్తోందో సాఫ్ట్‌వేర్‌కు తెలుస్తుంది కాబట్టి ఆ క్యాలిబ్రేషన్‌నే ఎం81 మీదా వాడుకోవచ్చు. గైడ్ కెమెరాను తిప్పినప్పుడో, గైడ్ అమరిక మార్చినప్పుడో తప్ప మళ్లీ చేయనవసరం లేదు.