పోర్టల్‌లో పేరు పెట్టే ముందు

చిరంజీవి చిన్నాకు, పెదనాన్న ఆశీస్సులు.

ఇంకో కాలేజీ జట్టుకు మారడానికి 2026 జనవరిలో ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అదే మారాలనుకునే ఆటగాళ్ళ జాబితాలో, పేరు పెడుతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి తన్నే కిక్కర్‌గా మన ఇంటి పిల్లవాడి కాలికి యూనివర్సిటీలు రేటు కడుతున్నాయంటే నాకెంత గర్వంగా ఉందో! టెన్షన్ అంతకు రెట్టింపు ఉంది. ఆటగాళ్ళ ట్యాక్సులు చూస్తాను కాబట్టి వాళ్ళ ఒప్పందాలు నా బల్ల మీదికి వస్తుంటాయి. వాటిలో ఏముంటుందో తెలిసి ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు చిన్న సంగతులు. ఈసారి పేరు పెట్టే విండో జనవరి 2 నుంచి 16 వరకే, ఎండాకాలం ముందు ఇంకోటి ఉండదు. పేరు పెట్టాక, సెమిస్టర్ అయిపోగానే ఇప్పటి కాలేజీ నీ స్కాలర్‌షిప్ ఆపేయవచ్చు. కొత్త చోట నీ క్రెడిట్లు ఎన్ని చెల్లుతాయో రాతపూర్వకంగా తెప్పించుకో. డబ్బు జీతంలా కాకుండా 1099 అనే ట్యాక్స్ ఫారం మీద వస్తుంది, ట్యాక్స్ ఎవరూ ముందే పట్టుకోరు. మూడో వంతు తీసి వేరే ఖాతాలో వెయ్యి. నువ్వు ఇక్కడ అమెరికాలోనే పుట్టావు కాబట్టి సరిపోయింది, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఆడే పిల్లలు ఈ డబ్బు తీసుకుంటే వీసాకే ముప్పు.

ఇక బేరం. 2025 జూన్‌లో ఆటగాళ్ళకు డబ్బివ్వడం గురించి కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ మీద నడిచిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌ను జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించాక, జూలై 1 నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బిస్తున్నాయి. ఈ 2025-26 విద్యా సంవత్సరం ఒక్కో యూనివర్సిటీకి హద్దు 2.05 కోట్ల డాలర్లు, అన్ని ఆటలకూ కలిపి. పెద్ద జట్లున్న యూనివర్సిటీలు చాలావరకు అందులో ముప్పావు వంతు ఫుట్‌బాల్‌కే పెడతాయి. దాన్ని పొజిషన్ల వారీగా పంచే పని ఇప్పుడు జనరల్ మేనేజర్లది. స్టాన్‌ఫర్డ్‌లో ఒకప్పటి ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడు ఆండ్రూ లక్ చేస్తున్నది ఆ ఉద్యోగమే. ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌కు, ముందు వరసలో కాసే లైన్‌మెన్‌కు తీయగా మిగిలిన దాంట్లోంచే కిక్కర్‌కు వస్తుంది. కాబట్టి నీ ఏజెంట్ ఒక అంకె చెప్పగానే పొంగిపోకు. అందులో యూనివర్సిటీ ఇచ్చేదెంత, నీ పేరూ ఫోటో వాడుకున్నందుకు బయటి కంపెనీలు ఇచ్చే ఎన్‌ఐఎల్ ఎంత అని విడదీసి అడుగు. బయటి డీల్ 600 డాలర్లు గానీ ఆపైన గానీ ఉంటే, అలాంటి డీల్స్ పరిశీలించే ఎన్‌ఐఎల్ గో అనే వెబ్‌సైట్‌లో చూపించాలి. అందులో నిజమైన వ్యాపారం లేదనిపిస్తే ఈ రూల్స్ అమలు చేసే కాలేజ్ స్పోర్ట్స్ కమిషన్ కుదరదంటుంది. అప్పుడు ఆ లోటు యూనివర్సిటీ పూడుస్తుందా లేదా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. ఏజెంట్ కమీషన్ కూడా అంతే. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 3 శాతం హద్దు ఉంది, కాలేజీలో దేశమంతటికీ అలాంటి హద్దేమీ లేదు.

మాట నమ్మి ఉన్న చోటు వదలకు. 2024 సెప్టెంబర్‌లో లాస్ వేగస్‌లోని యూఎన్‌ఎల్‌వీ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్లూకా, జట్టు మూడుకు మూడు గెలిచి ఉండగానే ఆట ఆపేశాడు. అసిస్టెంట్ కోచ్ లక్ష డాలర్లు ఇస్తామన్నాడని అతని ఏజెంట్ అన్నాడు, అలాంటి ఒప్పందమేదీ లేదని అటువాళ్ళు అన్నారు. కాగితం లేదు. సీజన్ పోయింది.

కాగితం ఉన్నా చాలదురా. ఈ సంగతి మీ నాన్న నీకు చెప్పి ఉండడు. 1999లో వాడు అమీర్‌పేటలో కోర్సు చేస్తుంటే న్యూజెర్సీ నుంచి ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ఫోన్ చేశారు. ఏడాదికి అరవై వేల డాలర్లన్నారు. ఒప్పందం జిరాక్స్ షాపుకు ఫ్యాక్స్‌లో వచ్చింది, ఒకే ఒక్క పేజీ, కింద 9 అని అంకె. మిగతావేవిరా అన్నాను. "అవన్నీ మామూలేనట అన్నయ్యా, సంతకం పేజీ ఒక్కటి చాలట" అన్నాడు. చుట్టుకుపోతున్న ఆ కాగితాన్ని కౌంటర్ మీద అరచేత్తో అదిమిపెట్టి సంతకం చేశాడు. అక్కడికెళ్ళాక ప్రాజెక్ట్ లేదు. బెంచ్ మీద ఉన్నావు కాబట్టి జీతమూ లేదన్నారు. ఒక గెస్ట్‌హౌస్ గదిలో నలుగురితో కలిసి పడుకుని, పగలంతా ఇంటర్వ్యూ ఫోన్ కోసం కాచుకున్నాడు. చివరికి ఒక మంచి కంపెనీ నేరుగా పిలిచింది. వెళ్తానంటే అప్పుడు ఆరో పేజీ బయటికి తీశారు. ఏడాదిన్నర లోపు మానేస్తే పదిహేను వేల డాలర్లు కట్టాలట. వకీలు దగ్గరికి వెళ్ళాలన్నా వాడికి భయం, వీసా వాళ్ళ చేతిలో ఉంది. తాతయ్య కాలువ పక్క ఎకరం అమ్మారు. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి వస్తూ దారిలో నన్ను ఒకటే అడిగారు: "వాడు అంత చదువుకున్నాడు కదరా, ఆ నాలుగు కాగితాలు ఎందుకు చదవలేదు?"

ఇప్పుడు ఆ ఆరో పేజీ ఫుట్‌బాల్‌లోకి వచ్చింది. జార్జియా యూనివర్సిటీ నుంచి మిజోరీకి మారిన డేమన్ విల్సన్‌ను జార్జియా వాళ్ళు 3,90,000 డాలర్లు కట్టమన్నారు. అతనికి అందింది 30,000 అని వార్తల్లో వచ్చింది. అందుకే ఎంత ఇస్తారన్న దానికంటే నువ్వు వెళ్ళిపోతే ఎంత కట్టాలన్నది నాకు ముఖ్యం. గాయమైతే డబ్బు ఆగుతుందా, వేరే కిక్కర్‌ను తెచ్చి నిన్ను పక్కన కూర్చోబెడితే తగ్గిస్తారా, నిన్ను పిలిచిన కోచ్ మారిపోతే ఏమిటి, నీ పేరు మీదా ఫోటో మీదా హక్కు ఎన్నాళ్ళు వాళ్ళకు ఉంటుంది, ఇవన్నీ ఆ కాగితంలో ఎక్కడ ఉన్నాయో వేలు పెట్టి చూపించమను.

నీకు తొందరెక్కువ. నాలుగో తరగతిలో మా గ్యారేజ్ తలుపు సొట్టపోయేదాకా బంతి తన్నావు, ఆపమంటే వినలేదు. ఆ మొండితనం వల్లే ఇంతవాడివయ్యావు, అది పోగొట్టుకోమనను. సంతకం దగ్గర మాత్రం నా మాట విను.

ఫోన్‌కు లింక్ వస్తే వేలితో గీసేయకు. అన్ని పేజీలూ ఉన్న పీడీఎఫ్ నాకు పంపు. ఈ ఒప్పందాలు చదివే లాయర్ దగ్గరికి తీసుకెళ్తాను, ఫీజు నాది. 16వ తేదీ పోర్టల్‌లో పేరు పెట్టడానికే గడువు, సంతకానికి కాదు. ఈ రాత్రికే తేల్చమని ఎవరైనా ఒత్తిడి చేస్తే, పెదనాన్న చూశాక చెప్తానని నా పేరు చెప్పు. నా నంబర్ కూడా ఇవ్వు.

ప్రేమతో,
పెదనాన్న