చేతులకు విశ్రాంతి, నోటికి పని

చిరంజీవికి ఆశీస్సులు.

నాన్నా, మణికట్టు నొప్పితో కీబోర్డు ముట్టలేకపోతున్నానని రాశావు. నోటితో కంప్యూటర్ నడపొచ్చు. ముందు డబ్బు మైకు మీద పెట్టు. ల్యాప్‌టాప్‌లోని మైకు నీ మాటతో పాటు ఫ్యాను మోతనీ కుక్కర్ కూతనీ లాక్కుంటుంది. యూఎస్‌బీ హెడ్‌సెట్ కొని, మైకును పెదాల మూలకి రెండు వేళ్ల దూరంలో ఉంచు. సరిగ్గా నోటికెదురుగా పెడితే ఊపిరి తగిలి అనని మాటలు పడతాయి.

విండోస్ 11లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, స్పీచ్ దాకా వెళ్లి, మాటతో కంప్యూటర్ నడిపే వాయిస్ యాక్సెస్ ఆన్ చెయ్. తెలుగు ఆదేశాలు దానికి అర్థం కావు, ఇండియా ఇంగ్లిష్ ఎంచుకో. భాష ఫైలు ఒకసారి దిగితే నెట్ లేకున్నా నడుస్తుంది. అన్నిటికన్నా ముందు దాన్ని ఆపడం నేర్చుకో: ‘వాయిస్ యాక్సెస్ స్లీప్’. లేపడానికి ‘వాయిస్ యాక్సెస్ వేకప్’. ఇది నోటికి రాకపోతే ఇంట్లో మాటలన్నీ మెయిల్లోకి ఎక్కుతాయి. ‘షో నంబర్స్’ అంటే తెర మీద నొక్కగలిగిన ప్రతిదానికీ అంకె వస్తుంది, ఆ అంకె చెబితే సరి. అంకె పడని చోట ‘షో గ్రిడ్’ అను, తెర 9 గళ్లవుతుంది. కావలసిన గడి చెబుతూ పోతే గురి కుదురుతుంది.

తెలుగు రాతకి క్రోమ్‌లో గూగుల్ డాక్స్, టూల్స్‌లో వాయిస్ టైపింగ్. దీనికి నెట్ కావాలి. అప్పుడు వాయిస్ యాక్సెస్‌ని నిద్రపుచ్చు.

ఇక అసలు సుఖం టాలన్ అనే ప్రోగ్రాంలో ఉంది, అదీ నోటితో కంప్యూటర్ నడిపేదే. ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. పెదాలు మూసి ‘ప్’ మని చప్పుడు చేస్తే క్లిక్ పడుతుంది. మాట గుర్తుపట్టడం కన్నా ఇది చాలా వేగం, గొంతుకీ శ్రమ లేదు. కమ్యూనిటీ ఫైళ్లను, అంటే టాలన్ వాడేవాళ్లు కలిసి రాసి పంచుకునే ఆదేశాలను, టాలన్ యూజర్ ఫోల్డర్‌లో పెట్టాక సెట్టింగ్స్ ఫైలులో పాప్ క్లిక్ (ఆ ‘ప్’ చప్పుడు క్లిక్) వరుస వెతుకు. అక్కడ 1 ఉంటే కంటి చూపుతో మౌస్‌ను కదిపే పరికరం ఉన్నప్పుడే పనిచేస్తుంది. నీ దగ్గర అది లేదు కాబట్టి 2 చెయ్. మౌస్‌ను చేత్తో జరపాల్సిందే కానీ వేలితో నొక్కే పని తప్పుతుంది. టాలన్‌లో ఏ, బీ, సీ అక్షరాలకి ఎయిర్, బ్యాట్, క్యాప్ వంటి మాటలుంటాయి. బీ, డీ, పీ ఒకేలా వినబడతాయి గనుక ఆ ఏర్పాటు. రోజుకి 5 చొప్పున పట్టు. టాలన్ వాడేటప్పుడు వాయిస్ యాక్సెస్‌ని పూర్తిగా మూసెయ్, లేదంటే ఒక్క మాటకి రెండూ కదులుతాయి.

గొంతు పెంచకు, వినబడకపోతే మైకు లెవెల్ పెంచు. పక్కన నీళ్లుంచుకో. బొంగురుపోతే ఆ పూటకి ఆపెయ్యి నాన్నా.