అమాసకో పున్నానికో: పలుకుబళ్ల మీద రాస్తున్న తమ్ముడికి

హైదరాబాద్

తమ్ముడూ,

అరుదైనవాటి గురించి మనవాళ్లు వాడే పలుకుబళ్ల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. విషయం మంచిది. చిక్కల్లా ఒక్కటే. ‘అమావాస్యకో పున్నానికో’, ‘నల్లపూస’, ‘పుష్కరానికోసారి’, ‘కుందేటికొమ్ము’ అని వరసగా పెట్టి, అన్నిటికీ ఎదురుగా ‘అరుదుగా’ అని ఒకే అర్థం రాసి వదిలేశావు. ఆ పట్టికతో పాఠకుడికి పనిలేదు. ఏ మాట ఎవరు, ఎవరితో, ఏ గొంతుతో అంటారో చెప్పు.

మొదట అమాస సంగతే చూడు. అమావాస్యలూ పౌర్ణములూ కలిపితే ఏడాదికి పాతిక దాకా వస్తాయి. లెక్క ప్రకారం పదిహేను రోజులకోసారి అన్నమాట. అయినా ఆర్నెల్లకోసారి ముఖం చూపించే మేనల్లుడి గురించి కూడా ఈ మాటే అంటాం. అందులో ఉన్నది లెక్క కాదు, నిష్ఠూరం. రావలసినవాడు, రాగలిగినవాడు రాకపోతేనే ఈ మాట నోట్లోంచి వస్తుంది. తోకచుక్క అమావాస్యకో పున్నానికో కనిపిస్తుందని ఎవరూ అనరు, దాని మీద మనకు నిష్ఠూరమేముంది? క్రియ విషయంలోనూ జాగ్రత్త. ఇది అలవాటును చెప్పే క్రియతోనే కుదురుతుంది. ‘అమాసకో పున్నానికో ఫోన్ చేస్తాడు’, సరే. ‘చేసేవాడు’, అదీ సరే. ‘మొన్న అమాసకో పున్నానికో ఫోన్ చేశాడు’ అన్నావంటే విరిగిపోతుంది. నీ రెండో పేరాలో జరిగింది ఇదే.

రాతలో అమావాస్య, పౌర్ణమి అని ఉన్నా మన చుట్టుపక్కల నోళ్లలో అవి అమాస, పున్నం. పాత్ర చేత మాట్లాడించేటప్పుడు అలాగే ఉంచు. ఇంకొకటి. ‘అమావాస్య అశుభం కనుక ఈ మాట పుట్టింది’ అన్న వాక్యం కొట్టెయ్. తెలంగాణలో పెత్రమాస నాడు, అంటే భాద్రపద అమావాస్య నాడు, ఎంగిలిపూల బతుకమ్మతో తొమ్మిది రోజుల పండుగ మొదలవుతుంది. అది చిన్నప్పటి నుంచీ చూసిన పాఠకుడు నీ వాక్యం దగ్గరే వ్యాసం మూసేస్తాడు. పలుకుబడికి పుట్టుక కథ అల్లడం తేలిక, దానికి ఆధారం చూపించడం కష్టం. చూపించలేని కథ రాయకు.

నల్లపూసకు షరతులు ఎక్కువ. మనిషై ఉండాలి. ఇదివరకు తరచుగా కనబడినవాడై ఉండాలి. మాట్లాడేవాళ్లకు అతని మీద చనువుండాలి. ‘ఏమోయ్, బొత్తిగా నల్లపూసవైపోయావు!’ అనేది ఎదురుపడ్డాక అనే మాట, అందులో దెప్పుతో పాటు సంతోషమూ ఉంటుంది. తొలిసారి ఇంటికొచ్చిన అతిథిని అలా అనలేం. పెద్దవాళ్లను ‘నల్లపూసైపోయారు’ అనాలన్నా చనువు చూసుకునే అనాలి. పత్రికల శీర్షికలు ఉల్లిగడ్డను కూడా నల్లపూసను చేస్తాయి. అది శీర్షిక వరకు చమత్కారం, ఇంట్లో మాట్లాడుకునే మాటగా మాత్రం అతకదు.

హైదరాబాద్‌లో కూర్చుని రాస్తూ ‘ఈద్ కా చాంద్’ను, అంటే పండుగ చంద్రుణ్ణి, ఎలా మరిచావో నాకు అర్థం కాలేదు. తెలుగు ఇళ్లలో కూడా ‘ఏంది భాయ్, ఈద్ కా చాంద్ అయినవ్’ అని అనువదించకుండానే వాడేస్తారు. ఆ చంద్రుడు ఏ చంద్రుడో చెబితే మాట బలం తెలుస్తుంది. రంజాన్ ఇరవై తొమ్మిదో సాయంత్రం పొద్దుగూకాక జనం మేడలెక్కి పడమటి దిక్కు చూస్తారు. సన్నటి నెలవంక, అదీ కాసేపే ఉండి కుంగిపోతుంది. కనబడితే తెల్లారి పండుగ, లేకుంటే ముప్పై రోజాలు, అంటే ఉపవాసాలు, నిండాలి. బక్రీద్‌కు ఈ ఆత్రం లేదు. అది నెలలో పదో రోజు కాబట్టి పండుగ ఎప్పుడో ముందే తేలిపోతుంది. అంటే ఈ మాటలో అరుదుతనం కన్నా ఎదురుచూపు ఎక్కువ. అద్దె ఎగ్గొట్టి తిరిగేవాణ్ణి ఇంటి యజమాని ఇలా పిలిస్తే అది వెటకారం.

ఎప్పుడో గానీ జరగనిదానికి ఇంగ్లిష్ వాళ్లు అనే ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ను ‘నీలి చంద్రుడు ఉదయించినప్పుడల్లా’ అని దించావు. తెలుగులో అలా ఎవరంటారు? కాకపోతే దాని వెనకున్న లెక్క మాత్రం వదలకు, అది మన పంచాంగంలోనూ ఉంది. పున్నమికీ పున్నమికీ మధ్య సుమారు 29.53 రోజులు. 19 ఏళ్లలో క్యాలెండర్ నెలలు 228, పున్నములు 235. మిగిలిన ఆ ఏడూ ఏదో ఒక నెలలో రెండో పున్నమిగా పడాలి. దాన్నే ఇప్పుడు బ్లూ మూన్ అంటున్నారు. మనవాళ్లు ఆ ఏడింటినే అధిక మాసాలుగా సర్దారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, ఆ ఏడు ఆగస్టులోనే రెండు పున్నములు పడ్డాయి. ఇంతకీ ఆ రోజు చంద్రుడు నీలంగా ఉండడు. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన ధూళి వల్ల కొన్నిచోట్ల చంద్రుడు నిజంగానే నీలంగా కనిపించాడు, అది వేరే సంగతి.

‘పుష్కరానికోసారి’ ఒక్కటే లెక్కకు కట్టుబడిన మాట. గోదావరికి 2003, 2015, మళ్లీ 2027. బస్సు గురించి అంటే అతిశయోక్తి, నవ్వొస్తుంది. నిజంగా పన్నెండేళ్లకు జరిగేదాని గురించి అంటే వట్టి సమాచారం. రెంటినీ ఒకే పేరాలో కలపకు.

కుందేటికొమ్ము, గగనకుసుమం ఈ వ్యాసంలో ఉండకూడదు. అవి అరుదైనవి కావు, అసలు లేనివి. అయితే ‘ఎండాకాలం ట్యాంకర్ దొరకడం గగనమైపోయింది’ అన్నప్పుడు దొరుకుతుంది, కాకపోతే చచ్చేంత కష్టం మీద. ఆ ‘గగనం’ ఉంచుకో. ‘కలికానికి కూడా లేదు’ అంటే కంట్లో పెట్టుకునే మందుకు కావలసినంత కూడా లేదని. ఇది సరుకు నిండుకున్నప్పటి మాట, దీన్ని మనిషి రాకపోకలకు ముడిపెట్టకు.

మేడిపువ్వు మీద నువ్వు రాసిన పేరా నాకు నచ్చింది, పెంచు. మేడికి పూలు కాయ లోపలే ఉంటాయి, బయటికి కనబడవు. అందుకే ఉర్దూ, హిందీల్లో ‘గూలర్ కా ఫూల్’ అంటే కంటబడనిది. తమిళులూ అత్తి పూసినట్టు అంటారు. మనకు మాత్రం వేమన పద్యం వల్ల ఆ చెట్టు పేరెత్తగానే పైమెరుగు, లోపలి పురుగులు గుర్తొస్తాయి. ఆ పురుగుల్లో చాలామటుకు పూలకు పరాగం చేర్చే చిన్న కందిరీగ జాతివే. పాపం, వాటికి చెడ్డపేరు ఒక్కటే మిగిలింది.

తిరగరాసే ముందు ప్రతి మాటకూ మూడు వాక్యాలు కట్టి చూడు: ఒకటి మనిషి మీద, ఒకటి వస్తువు మీద, ఒకటి నిన్న జరిగిన సంగతి మీద. ఏది విరిగితే అది ఎందుకు విరిగిందో రాసుకో, నీ వ్యాసానికి సగం సరుకు అక్కడే దొరుకుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించు, వాళ్లు మొహం చిట్లించిన వాక్యం తీసెయ్. పట్టిక వద్దు. వచ్చే ఆదివారంలోగా పంపితే చూసి పెడతాను.

ఆశీస్సులతో,
మీ అన్న