ప్రాగ్ వెళ్తున్న మేనకోడలికి

చి. హారికకు,

పెద్దమామయ్య ఆశీస్సులు. మీరు నలుగురూ దసరా సెలవుల లెక్కన డ్రెస్డెన్ నుంచి ప్రాగ్ వెళ్తున్నారట. "అన్నయ్యా, నువ్వు చూసొచ్చావుగా, దానికి నాలుగు ముక్కలు రాయి" అని మీ అమ్మ ఒకటే పోరు.

ముందు నేను చేసిన నిర్వాకం చెబుతాను. రిటైరయ్యాక బీహెచ్ఈఎల్ మిత్రులం నలుగురం వెళ్లాం. మా రామచంద్రాపురం ఫ్యాక్టరీ చెకోస్లోవాకియా సహకారంతో పుట్టిందే, అందుకే ఆ దేశపు రాజధానిగా ఉన్న ప్రాగ్ అంటే మాకో మమకారం. జేబులో జాబితా పెట్టుకుని పొద్దున్నే అందర్నీ బయల్దేరదీశాను. అక్కడి కాలిబాటలు మన సిమెంటు ఫుట్‌పాత్‌లు కావు. అరచేతిలో పట్టేంత రాళ్లు పేర్చి దిగ్గొట్టినవి. మాలో ఒకాయన కొత్త బూట్లు తొడుక్కొచ్చాడు. మధ్యాహ్నానికి మడమ దోక్కుపోయింది, మొహమాటానికి నోరెత్తలేదు. నేనేమో పెళ్లివారి బ్యాండులా ముందు నడుస్తూనే ఉన్నాను. చార్లెస్ వంతెన మధ్యలో వెనక్కి తిరిగి చూస్తే ఒక్కరూ లేరు! గంటన్నర వెతికితే, ఒక శిల్పం పక్కన ఆయన సాక్సు విప్పుకుని, మిగతా ఇద్దరూ ఆయనకు కాపలాగా కనిపించారు. ఆ సాయంత్రం నాతో ఎవరూ మాట్లాడలేదు.

కాబట్టి మీలో అందరికంటే నెమ్మదిగా నడిచే పిల్లను ముందు నడవనివ్వండి. తప్పిపోతే ఎక్కడ కలవాలో పొద్దున్నే అనుకోండి. పాత ఊరి చౌకులో యాన్ హుస్ అనే మత సంస్కర్త విగ్రహం ఉంది, 1915లో పెట్టింది. అంత పెద్దది కనబడకపోవడమంటూ ఉండదు. అక్కడే పురభవనం గోడకున్న బొమ్మల గడియారం కింద మాత్రం వద్దు, గంట గంటకూ అక్కడ తిరునాళ్లే, జేబుదొంగలకూ అదే బేరం వేళ.

రైల్లో ఎడమ పక్క కిటికీ చూసుకోండి, ఎల్బె నది చాలా దూరం మీ వెంటే వస్తుంది. ఊళ్లో దిగాక కొండమీది కోటకు నడిచి ఎక్కే పౌరుషం వద్దు. 22వ నంబరు ట్రామ్ ఎక్కించేస్తుంది. టికెట్ మీద ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి, తనిఖీవాళ్లు విద్యార్థులని వదలరు. కోటలో సెయింట్ వైటస్ చర్చి 1344లో మొదలై 1929లో పూర్తయింది. మన ఫ్లైఓవర్ల మీద విసుక్కోవడం నేను అక్కడే మానేశాను.

అక్కణ్ణించి అంతా దిగుడే. నెరుదోవా వీధిలో మాత్రం తొందరపడితే నా మీద ఒట్టు. 1770లో ఇళ్లకు నంబర్లు వచ్చేదాకా ఆ ఊళ్లో ఇంటికి బొమ్మే గుర్తు. తల పైకెత్తి ద్వారబంధాల పైన చూడు. ఒకచోట రెండు సూర్యుళ్లు, ఇంకోచోట మూడు ఫిడేళ్లు. ఫిడేళ్ల ఇంట్లో నిజంగానే ఫిడేళ్లు చేసేవాళ్లు ఉండేవాళ్లు. ఇప్పుడు గోడకు రెండు నంబర్లుంటాయి, ఎర్రదీ నీలిదీ. వీధి వరసలో వచ్చేది నీలి నంబరు. ఎర్రదాన్ని నమ్ముకుని మేము ఒక హోటల్‌ను అరగంట వెతికాం.

వంతెన మీదికి పగలు వెళ్తే జనం తప్ప ఏమీ కనపడదు. ఒక్కరోజు తెల్లవారకముందే లేవండి. 516 మీటర్ల పొడవు, రెండు పక్కలా 30 శిల్పాలు, కింద వల్టావా నది మీద పొగమంచు. నాలుగో చార్లెస్ రాజు దీనికి 1357లో ఏడో నెల తొమ్మిదో తేదీన పొద్దున 5 గంటల 31 నిమిషాలకు శంకుస్థాపన చేశాడని చెప్పుకుంటారు. అంకెలు వరసగా రాసి చూడు: 1, 3, 5, 7, 9, 7, 5, 3, 1. ఎంత నిజమో గానీ, ముహూర్తాల పిచ్చి మన ఒక్కళ్లదే కాదని మా సాక్సు మిత్రుడు తెగ సంబరపడ్డాడు.

1410 నాటి ఆ గడియారం ఆట నిమిషం కూడా ఉండదు. అది అయిపోగానే జనం వెళ్లిపోతారు, మీరు ఆగండి. పురభవనం పక్కన నేల మీద 27 తెల్లని శిలువ గుర్తులుంటాయి. 1621 జూన్ 21న చక్రవర్తిపై తిరగబడ్డ 27 మందిని ఆ చౌకులోనే చంపారు. తెలియక అందరూ వాటిని తొక్కుకుంటూనే పోతారు. యూదుల పేటలోనూ కళ్లు కిందికే ఉంచండి. ఇళ్ల ముందు రాళ్ల మధ్య అరచెయ్యంత ఉండే ఇత్తడి పలకలు, ఒక్కో దాని మీద ఒక పేరు, పుట్టిన ఏడు, నాజీలు తీసుకుపోయిన ఏడు. పింకాస్ ప్రార్థనాలయం గోడల నిండా అలాంటి పేర్లే, దాదాపు 80 వేలు. అక్కడికి వెళ్లినరోజు ఇంకో చోటు పెట్టుకోకండి.

డబ్బు యూరోలు కాదు, కొరూనాలు. వీధిలో మార్చి ఇస్తామని వచ్చేవాళ్లకు దండం పెట్టండి. మాంసం తినని పిల్లకు వేయించిన చీజ్ ముక్క, స్మజెనీ సిర్, ఎక్కడైనా దొరుకుతుంది. మూడోరోజుకు మొహం మొత్తుతుంది, ఆవకాయ సీసా నువ్వే తీసుకెళ్లు.

అన్నట్టు, ఆ ఫిడేళ్ల ఇంటి దగ్గర నేను తీసిన ఫొటోలో తలుపొచ్చింది గానీ బొమ్మ రాలేదు. నువ్వు తీసి పంపు.

ఇట్లు,
మీ పెద్దమామయ్య